గంధంరంగు కాలనీలో ఒక వరండా గోడ

ఈమధ్య కొత్త కాలనీల ఆఫీసుల్లో పనిచేసే కుర్రాళ్ళు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తూంటారు. "మా ఇంటికి ఏ రంగు వేసుకోవాలో చెప్పడానికి నువ్వెవరు?" అని ఎవరో గేటు దగ్గర నిలబెట్టి దులిపేశారని చెప్పుకుని మొహం వేలాడేస్తారు. వాళ్ళకి కాఫీ ఇచ్చి కూర్చోబెడతాను. ఆ మాట నేను పడ్డన్నిసార్లు వాళ్ళింకా పడలేదు. నా ఉద్యోగమే అది. ఎవరింటికి ఏ రంగు ఉండాలో చెప్పడం, చెప్పి తిట్లు తినడం.

తొంభైల్లో రాజమండ్రికి ఆనుకుని, కోరుకొండ వెళ్ళేవైపు, ఒక హౌసింగ్ సొసైటీ వాళ్ళు కాలనీ కట్టారు. అంతకుముందు కాంట్రాక్టర్ల దగ్గర వర్క్ ఇన్‌స్పెక్టరుగా ఎండల్లో తిరిగినవాణ్ణి, ఆ కాలనీలో మెయింటెనెన్సు సూపర్‌వైజరుగా చేరాను. ఇళ్ళన్నీ జంట ఇళ్ళు. మధ్యన ఒకటే గోడ, ఇటొక ఇల్లు, అటొక ఇల్లు, పైన ఒకే పిట్టగోడ. వరండాల మధ్య మాత్రం నడుం ఎత్తు గోడ. దూరం నుంచి చూస్తే ఒకటే పెద్ద ఇల్లు అనిపిస్తుంది.

మొదట్లో రూలేమీ లేదు. ఒకాయన తన సగానికి చిలకపచ్చ వేశాడు. పక్కాయన ఊరుకుంటాడా, తన సగానికి గులాబి వేశాడు. ఆ ఇంటిముందు రిక్షావాళ్ళు కూడా ఆగి నవ్వుకునేవారు. దాంతో సర్వసభ్య సమావేశం పెట్టి తీర్మానం చేశారు. బయటిగోడలన్నీ గంధం రంగు, పిట్టగోడా కిటికీల పైన సన్‌షేడ్లూ కాఫీపొడి రంగు. జంట ఇళ్ళు రెంటికీ ఒకేసారి వెయ్యాలి, విడివిడిగా వెయ్యకూడదు.

ఈ ఒకేసారి అన్నదాన్లో చాదస్తం లేదు. అప్పట్లో బయటిగోడలకి సిమెంటు పెయింటు వాడేవాళ్ళం. పొడిని నీళ్ళలో కలిపి వెయ్యాలి. డబ్బా డబ్బాకీ రంగు పిసరు తేడా వస్తుంది. ఇవాళ సగం, ఆర్నెల్ల తరవాత సగం వేస్తే జన్మలో కలవదు. కలవదని నాకు బాగా తెలుసు. మొదటి ఏడాది నేనూ మా రంగుల మేస్త్రీ కలిసి పొడి లెక్క తప్పి ఒక వీధి వీధంతా పసుపుపచ్చగా చేసేశాం. ఆ వీధిని జనం చాన్నాళ్ళు పసుపు వీధి అనే పిలిచారు. పోస్టుమేన్‌తో సహా.

ఆ రూలు పెట్టించిన మనిషి మా ప్రెసిడెంటుగారు. స్టేషన్‌మాస్టరుగా రిటైరయ్యారు. పొద్దున్నే గొడుగు చేత్తో పట్టుకుని వీధులన్నీ తిరిగేవారు. కొత్తగా రంగు వేసిన ప్రతి ఇంటినీ ఆయన కళ్ళారా చూసి సరే అంటేనే మేస్త్రికి బిల్లు పాసయ్యేది. "సిగ్నల్ పడకుండా బండి కదిలిందంటే ఎవడి ప్రాణం మీదికో వస్తుందయ్యా" అనేవారు. రంగుకీ ప్రాణానికీ సంబంధం ఏంటండీ అని అడిగే ధైర్యం నాకు లేదు.

మేస్త్రి కడియం వైపు మనిషి. నెమ్మదస్తుడు. పని చేస్తున్నంతసేపూ తనలో తను ఏదో గొణుక్కుంటూ ఉండేవాడు. ఏంటని అడిగితే, "గోడతో మాట్లాడతన్నానండి" అనేవాడు.

ఇక అసలు సంగతి. కాలనీ చివరి వీధిలో ఒక జంట ఇల్లుండేది. ఒక పక్క ఎరువుల కొట్టు నడుపుకునే ఆయన, ఆయన భార్య, ఒక్కతే కూతురు. రెండో పక్క స్కూలు టీచరుగారు, ఇరిగేషన్ ఆఫీసులో పనిచేసే ఆవిడ భర్త, ఆయన తల్లి. వాళ్ళబ్బాయి కాకినాడలో హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాడు. ఇళ్ళు చీటీలు తీసి ఇచ్చారు కాబట్టి ఈ రెండు కుటుంబాలూ అంతకుముందు ఒకరికొకరు తెలీదు. కానీ గృహప్రవేశం నాటికే ఒకటైపోయారు. నేను ఎప్పుడు వెళ్ళినా ఆ నడుం ఎత్తు గోడ మీద ఒక కూరగిన్నె కనబడేది. ఎటునుంచి ఎటు వెళ్తోందో తెలిసేది కాదు. కొట్టాయన కూతురికి జడ వేసేది కూడా టీచరుగారే. ఆడపిల్ల లేని ముచ్చట అలా తీర్చుకునేవారు. ఆ పిల్ల స్కూలుకెళ్ళే హడావుడిలో గోడ మీద కూర్చునేది, ఆవిడ ఇవతల నిలబడి గబగబా రెండు జడలూ అల్లేసి రిబ్బన్లు కట్టేసేవారు.

ఆ పిల్ల పెళ్ళీడుకొచ్చాక, ఒక శ్రావణమాసంలో, టీచరుగారి భర్త ఆఫీసు నుంచి వస్తూ బస్టాండు దగ్గర గుండె పట్టుకుని కూలబడిపోయాడు. ఆసుపత్రికి తీసుకెళ్ళేలోపలే పోయాడు. యాభై దాటాయో లేదో. కార్యక్రమాలన్నీ కొట్టాయనే ముందుండి జరిపించాడు. సొంత తమ్ముడు కూడా అలా చెయ్యడు.

కొట్టాయన కూతురి పెళ్ళి అప్పటికే నిశ్చయమై ఉంది. ఫాల్గుణంలో ముహూర్తం. ఇంటిముందు వీధిలోనే పందిరి. ఆ ఏడు వానలకి ఆ ఇంటి గోడలు ఘోరంగా తయారయ్యాయి. పిట్టగోడ నుంచి కిందిదాకా నల్లగా పాకుడు చారలు. మాఘమాసం మొదట్లో కొట్టాయన ఆఫీసుకొచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు.

"పెళ్ళిల్లండి. రంగు వేయించాలి" అన్నాడు.

"వేయిద్దామండి. పక్కవాళ్ళతో కూడా ఒక మాట అనుకోండి, రెండూ ఒకేసారి మొదలెట్టేస్తాం."

ఆయన తల అడ్డంగా ఊపాడు. "ఎలా అనుకోనండి? ఏడాది తిరక్కుండా వాళ్ళింటికి రంగు వెయ్యరు కదా. అంత పెద్దావిడ దగ్గరికెళ్ళి, మా ఇంట్లో పెళ్ళి, మీ అబ్బాయి పోయిన ఇంటికి సున్నం వేయించండి అని ఏ నోటితో అడగను? మా సగానికి మాత్రం వేసెయ్యండి. చాలు."

నేను ప్రెసిడెంటుగారి దగ్గరికెళ్ళాను. ఆయన అంతా విన్నారు. ఆయన కూడా ఆ శవం వెంట శ్మశానందాకా నడిచినవారే.

"నాకూ బాధగానే ఉందయ్యా" అన్నారు. "కానీ ఇవాళ వాళ్ళకి సగం ఒప్పుకుంటే, రేపు మాటల్లేని పక్కింటివాళ్ళందరూ సగం సగం అని వస్తారు. మళ్ళీ చిలకపచ్చా గులాబీ. రూలు ఒప్పుకోదు. వెళ్ళి వాళ్ళని అడుగు, ఒప్పుకుంటే వెయ్యి."

"నావల్ల కాదండి."

"నావల్లా కాదు" అన్నారాయన, గొడుగు కర్రని నేలమీద తాటిస్తూ.

అలా ముగ్గురం మగవాళ్ళం, ఎవరికి వాళ్ళం, ఆ ఇంటి గుమ్మం ఎక్కలేక ఊరుకున్నాం. కొట్టాయన అయితే "పోనీండి, రంగు లేకుండానే పెళ్ళి చేస్తాను" అని లేచిపోయాడు. ఆయన భార్య మాత్రం ఊరుకోలేదు. మరునాడు నన్ను వీధిలో ఆపింది. "ఒక్కగానొక్క పిల్లండి. పాకుడు పట్టిన గోడల ముందు పెళ్ళేంటండి? మగపెళ్ళివారు ఏమనుకుంటారు?" అంటూ కళ్ళు తుడుచుకుంది. అలా ఏడుస్తూ కూడా పక్కింటివైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది. అప్పుడు గమనించాను, గోడమీద గిన్నె లేదు.

రెండ్రోజులకి పొద్దున్నే, స్కూలుకి వెళ్ళే దారిలో, టీచరుగారు ఆఫీసుకి వచ్చారు. లేత రంగు చీర, భుజానికి సంచి. నేను లేచి నిలబడి కుర్చీ చూపించాను. కూర్చోలేదు.

"మా ఇంటి సంగతి మీరూ, ప్రెసిడెంటుగారూ, అన్నయ్యగారూ కూర్చుని తేల్చేశారటగా?" అన్నారు. "పిల్ల చెప్పింది, గోడ దగ్గరికొచ్చి. నన్నడగాలని ఒక్కరికీ తోచలేదా?"

"మిమ్మల్ని బాధపెట్టడం ఎందుకని..."

"బాధ పెట్టకూడదని ఎవరూ మాట్లాడటం లేదండి నాతో. స్టాఫ్ రూములో నేను వెళ్తే నవ్వులు ఆపేస్తారు. అవతలింట్లో మొన్న పసుపు కొట్టారు. రోకలి చప్పుడు నా వంటింటి గోడలోంచి వినబడుతూనే ఉంది. నన్ను పిలవాల్సిందని కాదు. పిలిచినా వెళ్ళేదాన్ని కాదు. కానీ వదిన ఒక్కసారి గోడ దగ్గరికొచ్చి, ఇలా పసుపు కొడుతున్నాం అని చెప్పొచ్చుగా. ఆ పిల్ల జడలు అల్లి అల్లి నా వేళ్ళు అరిగిపోయాయి."

నేను తలొంచుకున్నాను. ఆవిడ జారిన సంచిని భుజం మీదికి లాక్కున్నారు.

"రెండు సగాలకీ వేసెయ్యండి. ఆయనుంటే పెళ్ళికి నెల ముందే మీ ఆఫీసు చుట్టూ తిరిగేవారు."

"మరి మామ్మగారు..."

"అత్తయ్యకి నేను చెప్తాను" అని వెళ్ళిపోయారు.

చెప్పారు. మామ్మగారు ఔననలేదట, కాదనలేదట. మేం దాన్ని ఒప్పుకోవడం కిందే లెక్కేసుకున్నాం.

పని మొదలైంది. మేస్త్రి మనుషులు పాకుడంతా గోకి, కడిగి, ముందురోజు సాయంత్రమే గోడలు తడిపి పెట్టారు. మొదట పెళ్ళివారి సగం, తరవాత టీచరుగారి సగం. పిట్టగోడ నుంచి దిగుతూ దిగుతూ వరండా దాకా వచ్చారు. టీచరుగారు స్కూల్లో ఉన్నారు. నేను ఆఫీసులో ఉంటే మేస్త్రి తనే వచ్చాడు. బ్రష్షు ఇంకా చేతిలోనే ఉంది.

"ఒకసారి రండి. మామ్మగారు గోడ వెయ్యనివ్వటం లేదండి."

వెళ్ళేసరికి మామ్మగారు వరండాలో ఒక చెక్క కుర్చీ గోడకి అడ్డంగా లాగి, దానిముందు నేలమీద కూర్చుని ఉన్నారు. ఎనభై దగ్గరపడిన మనిషి. కోనసీమ పల్లె నుంచి కొడుకు కోసం వచ్చి ఇక్కడే ఉండిపోయారు. కాళ్ళు చాపుకుని, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, నా వంక చూశారు. కోపం లేదు. భయపడుతున్నారు.

"మామ్మగారూ, ఏడాది కాలేదనా?" అన్నాను, పక్కనే గొంతుక్కూర్చుని. "మీరు వద్దంటే ఆపేస్తాం."

"ఏడాదీ లేదు, గీడాదీ లేదు బాబూ. మిగతా ఇల్లంతా వేసుకోండి. పెళ్ళిపిల్ల చల్లగా ఉండాలి." ఆవిడ వెనక్కి తిరక్కుండానే చెయ్యెత్తి గోడవైపు చూపించారు. "ఇది మాత్రం వద్దు."

కుర్చీ వెనక, కూర్చున్న మనిషి తల ఆనేంత ఎత్తులో, గోడమీద గుండ్రంగా ఒక మచ్చ ఉంది. నూనె మచ్చ. అరచేతికి కొంచెం పెద్దది. మధ్యలో ముదురుగా, అంచుల్లో పల్చగా.

"సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే ఇక్కడే కూర్చునేవాడు. కుర్చీ రెండు కాళ్ళ మీదికి వాల్చి, తల గోడకి ఆన్చి పేపరు చదివేవాడు. పడతావురా అంటే వినేవాడు కాదు. ఆదివారం ఆదివారం నేనే కొబ్బరినూనె పెట్టేదాన్ని తలకి. ఇంతవాడయ్యాక కూడా నా ముందు కూర్చునేవాడు. ఆ నూనే ఇది. నా చేత్తో పెట్టిందే. ఫొటో ఉందిలే లోపల. ఆ ఫొటో ఎవరిదో అన్నట్టుంటుంది. ఇదైతే వాడు లేచి ఇప్పుడే లోపలికెళ్ళినట్టుంటుంది."

మేస్త్రి బ్రష్షుని నెమ్మదిగా డబ్బాలో పెట్టేశాడు.

అంతలో నడుం ఎత్తు గోడ అవతల నుంచి పెళ్ళికూతురి తల్లి గొంతు వినబడింది. "ఏమైంది మేస్త్రీ, ఆపేశారు? తడి ఆరిపోదూ?" అంటూ చుట్టూ తిరిగి గేటు తీసుకుని వచ్చింది. మెట్ల దగ్గరే ఆగిపోయింది. ఆ వరండా ఎక్కి ఎన్నాళ్ళయిందో. మామ్మగారినీ, కుర్చీనీ, ఆ పైన మచ్చనీ చూసింది. ఎవరూ ఏమీ చెప్పే అవసరం లేకపోయింది.

"అన్నయ్యగారు..." అంటూ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

తరవాత వచ్చి మామ్మగారి పక్కన నేలమీద కూలబడింది. ఆ పెద్దావిడ చెయ్యి పట్టుకుని బావురుమంది. "రాలేకపోయాను పిన్నిగారూ. ఏం మాట్లాడాలో తెలీక రాలేదు. పెళ్ళి కబుర్లు మోసుకుని మీ గుమ్మంలోకి ఎలా రాను? రోజూ గిన్నెలో కూర వేసి, గోడదాకా తెచ్చి, మళ్ళీ లోపలికి తీసుకుపోయేదాన్ని."

మామ్మగారు ఆవిడ తలమీద చెయ్యేసి, "తెలుసమ్మా. గాజుల చప్పుడు వినబడేది" అన్నారు.

నేనూ మేస్త్రీ వీధిలోకి వచ్చి నిలబడ్డాం. కాసేపటికి పెళ్ళికూతురి తల్లి బయటికొచ్చి, మొహం తుడుచుకుని, నాతో గట్టిగా అంది. "ఆ గోడ ముట్టుకోవద్దండి. మగపెళ్ళివారు ఏమనుకుంటే అనుకోనివ్వండి."

నేను మేస్త్రితో చెప్పాను, వరండా బయటి స్తంభాలవరకూ వేసి ఆపెయ్యమని. అతని బిల్లు ఆగిపోతుందని తెలుసు. అతనికీ తెలుసు. డబ్బా తీసుకుని స్తంభాలవైపు నడిచాడు.

మర్నాడు పొద్దున్న ప్రెసిడెంటుగారు తనిఖీకి వచ్చారు. గొడుగు చంకలో పెట్టుకుని, కళ్ళజోడు పైకి తోసి, పిట్టగోడ చూశారు, సన్‌షేడ్లు చూశారు. "బాగా కలిసిందయ్యా" అన్నారు. తరవాత మెట్లెక్కారు. ఇల్లంతా గంధం రంగులో మెరుస్తుంటే, ఆ వరండా గోడ పాతగా, వెలిసిపోయి, మధ్యలో ఆ మచ్చతో ఉంది. కుర్చీలో మామ్మగారు కూర్చుని ఉన్నారు. ఆయన్ని చూసి లేవబోయారు.

"కూర్చోండి, కూర్చోండి" అని, నావైపు తిరిగారు. "ఇదేంటి?"

చెప్పాను. దాపరికం లేకుండా, జరిగింది జరిగినట్టు. వెయ్యొద్దన్నది నేనే, మేస్త్రి తప్పేం లేదని కూడా చెప్పాను. ఆయన మచ్చవైపు చాలాసేపు చూశారు. టీచరుగారు స్కూలు సంచితో గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. అవతల గోడ దగ్గర తల్లీకూతుళ్ళు నిలబడ్డారు.

"రూల్లో ఏం రాశాం మనం?" అన్నారు చివరికి.

"బయటిగోడలన్నీ అని రాశామండి."

"ఈ వరండాలో వాన పడుతుందా?"

"జల్లు కొడితే కొంచెం..."

"పడుతుందా, పడదా?"

"పడదండి."

"ఎవరైనా వస్తే చెప్పులు ఎక్కడ విడుస్తారు?"

"మెట్ల కిందండి."

"మెట్ల కింద చెప్పులు విడిచాక ఇక ఇంట్లోకి వచ్చేసినట్టే కదా. ఇది లోపలిగోడయ్యా. లోపలిగోడల జోలికి మనకెందుకు?" అని, గొడుగు చేతిలోకి తీసుకున్నారు. మామ్మగారికి నమస్కారం పెట్టి మెట్లు దిగారు. గేటు దాటాక వెనక్కి తిరగకుండానే, "మేస్త్రి బిల్లు పంపించు, సంతకం పెడతాను" అన్నారు. జలుబు చేసిందేమోనన్నట్టు దగ్గారు.

ఒక్క ఇంటికి ఒక రూలు, ఇంకో ఇంటికి ఇంకో రూలు ఆయన ఒప్పుకునే మనిషి కాదు. అందుకని వచ్చే సమావేశంలో వరండా గోడలన్నీ లోపలిగోడలే అని అందరికీ తీర్మానం చేయించారు. దాని ఫలితం చెప్పాలి మీకు. రెండు నెలలు తిరిగేసరికి కాలనీ మొత్తం పైకి గంధం రంగు, వరండాల్లో చిలకపచ్చలూ, గులాబీలూ, నీలాలూ. ఒకాయన అయితే నెమలి బొమ్మ కూడా వేయించాడు. ప్రెసిడెంటుగారు పొద్దున్న నడకలో వరండాలవైపు చూడకుండా, రోడ్డు మధ్యలో, నేల చూపులతో నడిచేవారు. నేను పక్కన నడుస్తూ నవ్వు ఆపుకునేవాణ్ణి.

పెళ్ళి బాగా జరిగింది. టీచరుగారు పందిట్లోకి రానన్నారు. ఎంత బతిమాలినా రాలేదు, అది ఆవిడ ఇష్టం. కానీ పెళ్ళిరోజు పొద్దున్న నేను పందిరి కర్రలు సరిచూడ్డానికి వెళ్ళినప్పుడు, పెళ్ళికూతుర్ని వాళ్ళమ్మే చెయ్యి పట్టుకుని పక్క వరండాలోకి తీసుకురావడం చూశాను. కొట్టాయన అక్కచెల్లెళ్ళు గుమ్మంలో నిలబడి ఏదో అనబోయారు. ఆవిడ వాళ్ళ వంక కూడా చూడలేదు.

"జడ నువ్వే వెయ్యాలి వదినా. దానికి ఇంకొకరి చెయ్యి అలవాటు లేదు" అంది.

టీచరుగారు దువ్వెన అందుకున్నారు. ఆ పిల్ల పట్టుచీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, చిన్నప్పటిలాగే ఆ గోడమీద కూర్చుంది. మామ్మగారు కుర్చీలోంచి పూలు అందించారు.

మళ్ళీ ఆ వీధికి రంగులు వెయ్యాల్సిన వంతు కొన్నేళ్ళకి వచ్చింది. మేస్త్రీ నేనూ ఆ ఇంటికి వెళ్ళాం. మామ్మగారు బాగా వంగిపోయారు. కుర్చీలోనే ఉన్నారు. మమ్మల్ని గుర్తుపట్టి, కర్ర ఊతంతో లేచి పక్కకి జరిగారు. అప్పుడు చూశాం ఇద్దరం. కొడుకు తల ఆనిన మచ్చకి జానెడు కిందగా ఇంకో మచ్చ ఉంది. చిన్నది, లేతగా. ఇన్నేళ్ళూ సాయంత్రాలు ఆవిడ అక్కడే కూర్చుని, తల వెనక్కి ఆన్చుకున్నట్టున్నారు.

"ఇది వదిలేస్తాం మామ్మగారూ, భయపడకండి. బయట వరకే వేస్తాం" అన్నాను.

ఆవిడ గోడవైపు తిరిగి, కళ్ళు చికిలించి, రెండు మచ్చల్నీ చూశారు. కిందిదాన్ని వేలితో తడిమారు. నవ్వొచ్చినట్టుంది.

"ఇదెప్పుడు పడిందో చూసుకోలేదు బాబూ. నాదీ వాడి పక్కన చేరిపోయిందే" అన్నారు. మేస్త్రి వైపు తిరిగారు. "ఇంక వేసెయ్యి నాయనా. ఇద్దరివీ కలిపి ఒకేసారి వేసెయ్యి."

మేస్త్రి గోడ తడపడానికి చెంబుతో నీళ్ళు తీసుకున్నాడు. ఆ రోజు పని చేస్తున్నంతసేపూ అతను గోడతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు.